తొమ్మిదో కార్డు

టెక్కలి గ్రంథాలయంలో పనిచేసే వరహాలమ్మ పోస్టు కార్డుల మీద ఎత్తులు రాసి పంపుకుంటూ చదరంగం ఆడేది, కానీ ఆమెకు చిటికెడు ఓపిక కూడా ఉండేది కాదు. ఒక్కో ఎత్తుకు మూడు రోజుల గడువు ఉండేది. ఆమె మాత్రం పోస్ట్‌మ్యాన్ దాలినాయుడిని గుమ్మంలోనే నిలబెట్టి, అప్పటికప్పుడు జవాబు రాసి అతని చేతికే ఇచ్చేది. పోస్టు చేసిన ఎత్తును వెనక్కి తీసుకోవడానికి లేదు. అలా ఆ ఏడు రెండు ఆటలు చేజేతులా పోగొట్టుకుంది. మూడోదీ పోతే, ఈ పోటీల్లో ఆరేళ్లు కష్టపడి చేరిన మొదటి శ్రేణి నుంచి ఆమెను దించేస్తారు.

మూడో ఆటలో తెల్ల పావులు ఆమెవి. నల్లవి నిజామాబాద్ లెక్కల మాస్టారు విఠల్‌రావువి. ఆయన మొదట్లోనే ఒక బంటును ఊరికే వదిలేశాడు. ఇలా ఎర వేసి దాడికి దిగడాన్ని గాంబిట్ అంటారు. వరహాలమ్మ ఆ బంటును తీసేసుకుంది. తొమ్మిదో కార్డులో ఆయన ఏకంగా గుర్రాన్నే ఎదురుగా తెచ్చి పెట్టాడు.

ఆమె చెయ్యి కలం మీదికి పోయింది. అంతలో ఓడిన ఆటలు గుర్తొచ్చి, తన మీద తనకే ఒళ్లు మండింది.

“జవాబు ఇచ్చేయండి మేడమ్, పట్టుకెళ్లిపోతాను,” అన్నాడు దాలినాయుడు.

“ఇవాళ కాదు నాయుడూ. శుక్రవారం రా,” అంది.

అది మంగళవారం. గుర్రాన్ని తీసుకోవడమే మంచిదనిపించింది. బుధవారం కూడా అలాగే అనిపించింది. అయినా పంటి బిగువున ఆగింది. గురువారం అన్నం తింటూ చదరంగం బల్ల వైపు చూసి, ముద్ద చేతిలోనే ఉంచేసుకుంది. గుర్రాన్ని తీసుకుంటే తన రాజుకు కాపలా పోతుంది. మూడు ఎత్తుల్లో ఆట కట్టు.

శుక్రవారం ఆమె గుర్రాన్ని ముట్టుకోకుండా, రాజును ఏనుగు చాటుకు జరిపి కోట కట్టుకునే ఎత్తు రాసి పంపింది. దాంతో నల్ల గుర్రం వెనక్కి పోయే దారిలేక చిక్కుకుంది. మరో ఆరు కార్డుల తర్వాత విఠల్‌రావు ఓటమి ఒప్పుకుంటూ ఇలా రాశాడు:

“అమ్మా, కార్డు అందిన తేదీ, జవాబు రాసిన తేదీ రెండూ వేస్తాం కదా. మీ కార్డుల్లో అవి ఎప్పుడూ ఒకటే. అందుకే ఆ గుర్రాన్ని పెట్టాను. అది మంచి ఎత్తేమీ కాదు, మీ తొందరను నమ్ముకుని వేసిన ఎత్తు. ఆ ఒక్కసారి మీ తేదీలు వేరుగా కనిపించగానే నా పని అయిపోయిందని తెలిసింది.”

వరహాలమ్మకు సంతోషమూ సిగ్గూ ఒకేసారి కలిగాయి. మొదటి శ్రేణిలో ఆమె చోటు నిలిచింది.

నీతి: మన తొందరే ఎదుటివాడికి ఆయుధం, ఆశపడ్డ చోట ఆగగలిగినవాడిదే గెలుపు.