సీతారావమ్మ తలంటు

"మంచి చేసేవాళ్ళ మీదే పిల్లలు ఎందుకు తిరగబడతారు అమ్మగారూ?"

ఈ ప్రశ్న అడిగింది సీతారావమ్మ. అడిగిన చోటు గుండ్లకమ్మ ఒడ్డున కోటమాంబగారి ఆశ్రమం. ఆశ్రమమంటే పెద్దదేమీ కాదు. రెండు తాటాకు పాకలు, ఒక మట్టి అరుగు, వెనకవైపు నువ్వుల గానుగ. కోటమాంబగారి పుట్టింటివాళ్ళు గానుగ ఆడించి బతికినవాళ్ళు. ఆవిడ గురుబోధ పొంది, నలుగురికి గురువై కూర్చున్నాక కూడా గానుగను వదల్లేదు. ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు చెప్పే అలవాటు మాత్రం ఆవిడకు లేదు. చావు పుట్టుకల గురించి ఎవరో పెద్దమనిషి అడిగితే చేతికి చేట ఇచ్చి నువ్వులు చెరగమన్నారు. ఆయన పొద్దు గుంకేదాకా చెరిగి, దండం పెట్టి, మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. అర్థమై వెళ్ళాడని శిష్యులంటారు. విసుగొచ్చి వెళ్ళాడని గిట్టనివాళ్ళంటారు.

సీతారావమ్మ అడిగిన తీరులో ప్రశ్న కంటే ఫిర్యాదే ఎక్కువ. ఆవిడ పక్కన మేనకోడలు హైమావతి తలకు తువ్వాలు బిగించి కట్టుకుని నిలబడి ఉంది. పదమూడేళ్ళ పిల్ల, ఎనిమిదో తరగతి. ఇద్దరికీ కాస్త దూరంలో క్షౌరం చేసే నాగులు తన కత్తుల పొది ముందు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. అతన్ని వెంటబెట్టుకు వచ్చింది కూడా సీతారావమ్మే. అమ్మగారు ఒక్కమాట అంటే పిల్ల మెత్తబడుతుంది, మెత్తబడిన మరుక్షణం గుండు గీయించేయాలి, మళ్ళీ మనసు మార్చుకునే సందు ఇవ్వకూడదు. ఇదీ ఆవిడ ఎత్తు.

గొడవంతా హైమావతి జుట్టు గురించి. పిల్లది సన్నజుట్టు. దువ్వెనలో నిలవదు, రిబ్బను కడితే జారిపోతుంది, జడ వేస్తే చిటికెన వేలంత అవుతుంది. అందులో పిల్ల తప్పేమీ లేదు, జుట్టు తప్పు అసలే లేదు. కానీ తల్లి ఆ పిల్ల పసితనంలోనే పోయింది. తండ్రి లారీ తోలుతూ ఎప్పుడో గానీ ఇంటికి రాడు. పిల్లల్లేని సీతారావమ్మ అన్న కూతుర్ని తన ఇంటికి తెచ్చుకుని కళ్ళల్లో పెట్టుకుని పెంచింది. అలా పెంచుతూ ఉండగా ఒక పెళ్ళిలో భ్రమరాంబ అనే ఆవిడ, నలుగురూ వింటుండగా, ఆ పిల్ల నెత్తి వంక చూసి, పాపం తల్లిలేని పిల్ల, తలకింత నూనె పెట్టే దిక్కు కూడా లేదు కాబోలు అంది. సీతారావమ్మకు తల కొట్టేసినట్టయింది. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఆముదం ఏరులై పారింది. తెల్లారి లేవగానే పిల్లను మోకాళ్ళ మధ్య బిగించి కూర్చోబెట్టడం, దోసిలి నిండా ఆముదం పొయ్యడం, జుట్టు మాడుకు అంటుకుపోయేలా మర్దించి, దువ్వి, అలాగే బడికి పంపడం. జిడ్డు నుదుటి మీదికి కారాలి, వీధిలో నలుగురూ చూడాలి, దిక్కు ఉందని తెలుసుకోవాలి. పిల్ల పుస్తకాల మీద మరకలు పడ్డాయి. పక్కన కూర్చునే పిల్లలు పక్క బల్లకు మారారు. ఆ ఆముదం వదిలించడానికి కుంకుడు రసంతో రుద్ది రుద్ది ఉతికితే ఉన్న నాలుగు వెంట్రుకలూ చేతికి వచ్చేవి. ఊడుతోంది కాబట్టి ఇంకా పొయ్యాలని సీతారావమ్మ ఇంకా పోసేది. అది చాలక, గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని ఎవరో చెబితే, కొండకు మొక్కని ఒకసారి, ఎండాకాలమని ఇంకోసారి గుండు చేయించింది. రెండుసార్లూ అదే సన్నజుట్టు మళ్ళీ బుద్ధిగా మొలిచింది. జుట్టు మొండిదో సీతారావమ్మ మొండిదో తేల్చడం కష్టం.

మూడో గుండు మాట ఎత్తేసరికి పిల్ల తిరగబడింది. అదీ ఇంట్లో మూల కూర్చుని ఏడ్చి కాదు. ఆముదం సీసా పట్టుకుని నడివాకిట్లోకి వచ్చింది. బావి దగ్గరికి వెళ్ళి, సీసాడు ఆముదమూ గిలక మీద ఒంపింది. ఏళ్ళ తరబడి కీచుమంటున్న గిలక ఒక్కసారిగా నోరు మూసుకుంది. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళందరూ బిందెలు దించి చూస్తుండగా అత్త వైపు తిరిగింది.

"నా జుట్టు సన్నం అత్తా. ఎన్నిసార్లు గీకినా సన్నంగానే వస్తుంది. ఇంక నా తల జోలికి ఎవరూ రావద్దు."

ఆ మాట అని తలకు తువ్వాలు చుట్టుకుంది. చుట్టిన తువ్వాలు అన్నం తినేటప్పుడూ విప్పలేదు, పడుకునేటప్పుడూ విప్పలేదు. సీతారావమ్మ బతిమాలింది, తిట్టింది, చివరికి అన్నం మానేసింది. పిల్ల చలించలేదు. ఆశ్రమానికి పద, అమ్మగారు చెబితే నువ్వే వింటావు అంటే, పదమంది గానీ, దారిలో నింపాదిగా, అమ్మగారు చెప్పినా విననని చెప్పింది. గురువు మాటకు ఎదురు చెప్పడమా అని సీతారావమ్మ దారి పొడవునా చెంపలు వేసుకుంటూనే నడిచింది.

కోటమాంబగారు అంతా విన్నారు. పిల్ల వైపు చూడలేదు, నాగుల వైపూ చూడలేదు. గురవయ్య అనే పాత శిష్యుణ్ణి పిలిచి ఆముదం ముంత తెమ్మన్నారు. పీట వాల్చి, ముందు నీ తల చూడనీ సీతారావమ్మా, ఇలా కూర్చో అన్నారు.

సీతారావమ్మ ఒళ్ళు పులకరించింది. అమ్మగారు స్వయంగా తల అంటడమంటే మాటలా? నువ్వులు చెరుగుతున్న ఆడవాళ్ళు చేటలు ఆపి కుళ్ళుకోవడం ఆవిడ ఓరకంట చూసింది కూడా. మంచి చీర కట్టుకొచ్చానే అని ఒక్క క్షణం అనుకుంది గానీ, గురువు చెయ్యి తల మీద పడుతుంటే చీర ఏపాటి? వెళ్ళి పీట మీద కూర్చుంది. కూర్చున్నాక గానీ గుర్తు రాలేదు. అప్పటికే అమ్మగారు ముడి విప్పేశారు. విప్పడంతోనే సవరం ఊడి ఆవిడ చేతిలోకి వచ్చింది.

ఇన్నేళ్ళూ సీతారావమ్మ తలుపు వేసుకుని తల దువ్వుకునేది. ఆ ముడి అంతా సొంత జుట్టేనని వీధి వీధంతా నమ్మింది, హైమావతి కూడా నమ్మింది. ఇప్పుడు అందరి ఎదుటా ఆవిడ అసలు జుట్టు వీపు మీద చిటికెన వేలంత పడి ఉంది. అమ్మగారు సవరాన్ని పిల్లకు అందించి, జాగ్రత్తగా పట్టుకోమన్నారు. హైమావతి సవరం వంక చూసింది, అత్త నెత్తి వంక చూసింది. సీతారావమ్మ ఆ చూపు భరించలేక తల దించుకుంది.

ఆముదం పడింది. మొదటి దోసిలి చల్లగా, హాయిగా ఉంది. రెండోదీ బాగానే ఉంది. ఆ తరవాత చెవుల వెనక నుంచి మెడలోకి, మెడలోంచి రవికలోకి కారడం మొదలుపెట్టింది. ఆ బరువు, ఆ వాసన, తలను మోకాళ్ళ మధ్య బిగించి పట్టడం, ఇవన్నీ ఆవిడకు కొత్త కాదు. సీతారావమ్మ నాయనమ్మ ఇలాగే పట్టుకునేది. ఇంటి వంశపు జుట్టు ఇంతేనని ఎరిగి కూడా ఇలాగే పోసేది, ఇలాగే గుండు గీయించేది. ఆ రోజుల్లో ఒద్దని అరవాలని ఉండేది. అరిస్తే నాయనమ్మ మనసు కష్టపెట్టుకుంటుందని నోరు నొక్కుకునేది. అరవకుండా మింగిన ఆ అరుపు ఎన్నాళ్ళ కిందటిదో, ఇప్పుడు గొంతులో మెదిలింది.

చాలమ్మగారూ అంది మెల్లగా.

ఇంకొంచెం, నీ మంచికే అన్నారు కోటమాంబగారు. ఇంకో దోసిలి పోశారు. అది కనుబొమల మీంచి కళ్ళల్లోకి దిగింది. సీతారావమ్మ గట్టిగానే చాలంది. నీకేం తెలుసు, చిన్నదానివి, కదలకు అన్నారు అమ్మగారు. రోజూ పొద్దున్నే తన నోటి వెంట వచ్చే మాటలే అవి. ఆవిడ గుర్తుపట్టింది. గుర్తుపట్టినా గురువు చెయ్యిని తోసెయ్యడానికి చెయ్యి లేవలేదు. కళ్ళు మండుతున్నా అలాగే ఒదిగి కూర్చుంది.

కోటమాంబగారు ముంత దించి, మామూలు గొంతుతో పిలిచారు.

"నాగులూ, కత్తి తడిపి ఇటు రా. ఈవిడదీ పల్చనే. గీసేస్తే ఒత్తుగా వస్తుంది."

నాగులు నమ్మలేనట్టు చూశాడు. అమ్మగారు రెండోసారి తలాడించేసరికి కత్తి తడుపుకుని వచ్చి వంగాడు. అతని తడి వేళ్ళు నుదుటికి తగిలాయి.

సీతారావమ్మ ఒక్క ఉదుటున లేచింది. ఎడం చేత్తో నాగుల చేతిని తోసేసింది. కుడి చేత్తో గురువు మణికట్టు పట్టుకుంది. ఏదో ఆసరాకు పట్టుకున్నట్టు కాదు, గట్టిగా ఒడిసి పట్టుకుంది.

"నా తల ముట్టుకోవద్దు. పల్చగా ఉంటే ఉంది. మీరైనా సరే, ముట్టుకోవడానికి వీల్లేదు."

గురవయ్య తెరిచిన నోరు మూయడం మరిచిపోయాడు. చేటల దగ్గర ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. గురువు చెయ్యి పట్టి ఆపిన శిష్యురాలిని ఆ ఆశ్రమం ఎరగదు. తానేం చేసిందో సీతారావమ్మకూ తెలుస్తూనే ఉంది. అయినా పట్టు వదల్లేదు. కోటమాంబగారు చెయ్యి గుంజుకోనూ లేదు.

"నా మీద భక్తి పోయిందా సీతారావమ్మా?"

పోలేదని తల ఊపింది. మంచి చెయ్యడం లేదని అనుమానమా అంటే, అదీ లేదంది. మరి ఇదేమిటమ్మా అని అడిగారు అమ్మగారు. ఆముదం కారే కళ్ళతో మేనకోడలి కోసం చూసింది. పిల్ల నవ్వుతూ ఉంటుందనుకుంది. నవ్వినా భరించాల్సిందే అనుకుంది.

హైమావతి నవ్వడం లేదు. సవరాన్ని పీట మీద పెట్టింది. ఎవరెన్ని చెప్పినా విప్పని తువ్వాలును తల మీంచి తనే ఊడదీసింది. అందరూ చూస్తుండగా, ఆ సన్నజుట్టు గాలికి లేస్తుండగా, దగ్గరికొచ్చి అత్త కళ్ళు తుడిచింది.

"గట్టిగా మూసుకో అత్తా. తెరిస్తే ఇంకా మండుతాయి."

అప్పుడు వదిలింది సీతారావమ్మ గురువు చెయ్యి. వదిలి, పిల్లను కావలించుకుని బావురుమంది. పిల్ల బట్టలు కూడా ఆముదం అయ్యాయి. ఈసారి పిల్లే ఇంకా దగ్గరికి జరిగింది.

ఆ జిడ్డు వదిలించడానికి గంపెడు కుంకుడుకాయలు ఖర్చయ్యాయి. ఏటి ఒడ్డున పిల్లే కూర్చుని రుద్దింది. ఎండలో ఆరబెట్టుకున్నాక కోటమాంబగారు గానుగ దగ్గర నుంచి చిన్న గిన్నెలో నువ్వులనూనె తెచ్చి ఇచ్చి, సన్నజుట్టుకు నూనె తగిలితే చాలు, తడవక్కర్లేదు అని మాత్రం చెప్పి వెళ్ళారు. హైమావతి నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ వెచ్చబడేదాకా రుద్దుకుని, జుట్టు చివర్ల నుంచి పైకి సుతారంగా రాసింది. చాలా అత్తా అని అడిగింది. చాలంటే ఆపేసింది. అలా ఆపడం సీతారావమ్మకు కొత్తగా ఉంది. తరవాత గిన్నె అందుకుని, నీకు పెట్టమంటావా అని మేనకోడల్ని అడిగింది. అడగడం అదే మొదలు. పిల్ల వెంటనే సరేననలేదు. చివర్లకే, కొంచెమే అని షరతు పెట్టి వీపు తిప్పి కూర్చుంది.

కత్తి తడిపాక ఊరికే పోవడం ఏం బాగుంటుందని నాగులు నసిగితే గురవయ్య తన గడ్డం అప్పజెప్పాడు. మూడేళ్ళు పెంచిన గడ్డం అది.

అత్తా కోడళ్ళు బయల్దేరే వేళకు ఆశ్రమం వాకిట్లో భ్రమరాంబ ఎదురైంది. నూనె కొనడానికి వచ్చింది. సవరం లేని సీతారావమ్మ నెత్తినీ, గాలికి ఎగిరే పిల్ల జుట్టునూ మార్చి మార్చి చూసి, అదేమిటమ్మా, పిల్ల తలకు నూనె కూడా పెట్టలేదా అని జాలిగా అంది. ఒకప్పుడైతే సీతారావమ్మ అక్కడే కుంగిపోయేది. ఇప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని, తలెత్తి, ఆవిడ మొహంలోకి నేరుగా చూసింది.

"పెట్టాం. నీకు కనపడేట్టు పెట్టలేదు."

అని, వెనక్కి తిరక్కుండా, పీట మీది సవరం సంగతి అడక్కుండా నడిచి వెళ్ళిపోయింది. పిల్ల అల్లిన అత్త పల్చటి జడ వీపు మీద ఇటూ అటూ ఊగుతుంటే భ్రమరాంబ ఖాళీ సీసాతో అలాగే నిలబడిపోయింది.

గురవయ్య సవరం చేతబట్టుకుని, అలవాటు లేని నున్నటి గడ్డం తడుముకుంటూ లోపలికొచ్చాడు. అతని మనసులో ఇంకా ఒకటి తొలుస్తోంది. అంత దూరం నుంచి వచ్చి అంత బాధతో అడిగిందే, ఆవిడ ప్రశ్నకు అమ్మగారు జవాబు చెప్పనేలేదే అన్నాడు.

కోటమాంబగారు మణికట్టు మీద ఎర్రగా కమిలిన వేళ్ళ గుర్తులు చూసుకుంటున్నారు.

"చెబుదామనే అనుకున్నానయ్యా. ఈలోగా చెయ్యి పట్టుకుంది."