చిలక కొట్టని కాకరకాయ

ఒక రాజుగారుండేవారు, వినండర్రా. ఆయన పేరు వసుభూతి. ఆయనకి కువలయ అని రెండేళ్ల కూతురు. ఆ పాప పెరుగన్నం తప్ప ఏదీ తినదు. పప్పు పెడితే వద్దు. పండు పెడితే వద్దు. కూర పెడితే కంచమే వద్దు. రోజురోజుకీ నీరసించి, నాలుగడుగులు వేస్తే కూలబడిపోయేది. రాణిగారికి అదే దిగులు.

పాపకి ముగ్గురు మేనమామలు. పెద్దమామ కళ్లెర్రజేశాడు. పాప ఏడ్చింది. నడిపిమామ తలపాగా తీసేసి కోతిలా గెంతాడు. పాప నవ్వింది, నవ్వి మళ్లీ నోరు మూసేసుకుంది. చినమామ మకరందుడికి ఏమీ తోచక పెరట్లో కూర్చుంటే, ఒక కాకి వచ్చి వాలింది.

“పాప చేతిలోంచి రాలిన మెతుకులు తిని బతుకుతున్నదాన్ని, ఉన్నమాట చెప్తాను,” అంది కాకి. “లోకంలో రుచులన్నీ తనకే కావాలని కరాళుడనే మాంత్రికుడు పిల్లల రుచులు దోచుకున్నాడు. వాడి మాయంతా ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. ఆ చిలకకి పాలన్నమే పెడతాడు. అది ఇంకో రుచి చూసిందా, వాడి పని అయిపోయినట్టే.”

మకరందుడు తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు. ఒక్కో సముద్రం దాటగానే పొడిచొక్కా మార్చుకున్నాడు. తడిబట్టలతో ఉంటే జలుబు చెయ్యదూ మరి?

చిలక జామచెట్టుకి వేలాడే పంజరంలో ఉంది.

“జామపండు తింటావా?”

“వద్దు.”

“ఒక్క ముక్క?”

“బెదిరించినా తినను, బతిమాలినా తినను.”

“సరేలే. నాకు మాత్రం ఆకలేస్తోంది,” అని మకరందుడు పంజరం తలుపు తీసి, పక్కనే కూర్చుని పండు కొరికాడు. చిలకవైపు చూడనైనా లేదు.

చిలక దగ్గరికి జరిగింది. వాసన చూసింది. పొడిచి ఉమ్మేసింది. మకరందుడు తన పండు ఇంకో ముక్క కొరికాడు. మళ్లీ పొడిచింది. ఈసారి మింగింది.

అంతే, కరాళుడి మాయ కరిగిపోయింది. మామూలు ముసలాయనైపోయి, “నాకూ ఏదైనా పెట్టు నాయనా,” అంటూ వచ్చాడు. మకరందుడు అతనికీ ఓ పండిచ్చి, చిలకని భుజానెక్కించుకుని ఇల్లు చేరాడు.

మాయ పోయింది గానీ అలవాటు పోలేదు. కువలయ మళ్లీ “వద్దు” అంది. మామ బలవంతపెట్టలేదు. తనూ చిలకా ఎదురుగా కూర్చుని జామపండు తిన్నారు.

“చిలక కొట్టింది నాకు,” అంది పాప.

చిలక కొట్టిన పండు తియ్యగా ఉంటుందని ఎవరికి తెలియదు? శుభ్రంగా కడిగే ఇచ్చారు లెండి. కొరికింది, ఉమ్మింది, మళ్లీ కొరికింది. ఆనాటి నుంచి బీరకాయైనా బెండకాయైనా ముందు చిలక కొట్టాల్సిందే.

ఒకరోజు కాకరకాయ వేపుడు పెట్టారు. చిలక ముక్కు తిప్పుకుంది.

“ఇది నాకొద్దు.”

రాణిగారు గబగబా దగ్గరికొచ్చారు. పాప కూడా మానేస్తే? మామ మాత్రం తన ముక్క తను నములుతూ కూర్చున్నాడు. కువలయ చిలకని చూసింది, కంచాన్ని చూసింది. ఒక ముక్క తీసి కరకర నమిలింది. మొహం చిట్లించి, మింగి, ఇంకో ముక్క కొరికి చిలక ముందు పెట్టింది.

“నేను కొట్టాను. ఇప్పుడు తిను.”

కువలయ పెద్దదై, నచ్చిన రాకుమారుణ్ణి పెళ్లాడి చాలాకాలం చల్లగా ఏలింది. ఆమె రాజ్యంలో ఏ బిడ్డనీ ఎవరూ “నోరు తెరువు” అనలేదు. పిల్లలే వచ్చి పెద్దల పక్కన పీట వేసుకునేవారు.