రెండు గజాల గుడ్డ

దస్తగిరికి నాలుగు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. దర్గా వాకిలి ఊడుస్తూ సగంలో చీపురు వదిలేస్తాడు. దీపాలకు నూనె పోస్తూ ఎటో చూస్తాడు, నూనె పొంగి గచ్చంతా అవుతుంది. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోతాడు. నిన్న తన కంబళి తీసి దారినపోయే మనిషెవరికో ఇచ్చేశాడు. చలికాలం ముందుంది, ఈయనగారికి ఇంకో కంబళి లేదు.

బుడన్ సాయెబు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఆయన ఆ దర్గా పెద్ద, ఊళ్ళోని దూదేకులవాళ్ళ అరవై ఇళ్ళకూ గురువు. దస్తగిరి పదేళ్ళుగా ఆయన శిష్యుడు, తాతా అని పిలుస్తాడు. గురువుకు మాట తక్కువ. ఎవరైనా లెక్క చెబితే మాత్రం ఊరుకోడు. "మా వీధిలో ఈ ఏడు ఇద్దరే పోయినారు సామీ" అని ఎవరైనా గొప్పగా అంటే, "ఎంతమందిలో?" అంటాడు. అవతలివాడు వేళ్ళు మడుచుకుంటూ ఇంటికి పోవలసిందే.

ఐదో రోజు పొద్దున దస్తగిరే నోరు విప్పాడు.

"తాతా, ఇమాంబీ వాళ్ళన్నకు కబురు పంపీ. ఈ పెళ్ళి వద్దను."

ఆ సంబంధం కుదిర్చింది బుడన్ సాయెబే. శుక్రవారం ఆ పిల్ల అన్న ఖాయం చేసుకోవడానికి వస్తాడు. మధ్యలో రెండు రోజులే ఉన్నాయి.

"పిల్ల నచ్చలేదా?"

"నచ్చింది. దానికే వద్దంటాండా. ఏడాది తిరక్కముందే ఆ పిల్ల మెడలో నల్లపూసలు తెంపమంటావా?"

దస్తగిరి లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి గురువు ముందు పెట్టాడు.

అది గోరీల పుస్తకం. దర్గా వెనకాల ఎవరిని మట్టి చేసినా అందులో పేరూ వయసూ రాస్తారు. పాతదానికి చెదలు పట్టింది, పోయినేటి పుటలు కొత్తదాంట్లోకి ఎక్కించమని గురువు పురమాయించాడు. ఎక్కించి ఊరుకుంటే బాగుండేది. కానీ దస్తగిరికి లెక్కలంటే చెవి కోసుకునేంత ఇష్టం. వయసులన్నీ కూడాడు, మూడు వందల డెబ్బై రెండు వచ్చింది. పోయినవాళ్ళు పన్నెండుమంది. భాగించాడు. ముప్ఫై ఒకటి. శేషం కూడా మిగల్లేదు.

వచ్చే ఉరుసు పండక్కి దస్తగిరికి ముప్ఫై ఒకటి నిండుతాయి. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"మన ఊర్లో మనిషి బతికేది ముప్ఫై ఒక్కేండ్లు తాతా. నేను చెప్పేది కాదు, లెక్క చెప్తాంది. మూడుసార్లు చేసినా, అదే వచ్చింది."

నిజంగానే భయపడ్డాడు పాపం. గురువు వీపు నిమిరి ఒక మంచి మాట చెబుతాడని ఎదురుచూశాడు. బుడన్ సాయెబు లేచి చెక్కపెట్టె తెరిచి తెల్లగుడ్డ తాను బయటికి తీశాడు. ఊళ్ళో ఎవరు పోయినా శవానికి చుట్టే కఫన్ ఆ తానులోంచే కోస్తారు. కోసేది దస్తగిరే.

"పెద్దోళ్ళకు ఎంత కోస్తావు?"

"మూడు గజాలు."

"పసిపిల్లోళ్ళకు?"

"గజం."

"పోయినేడు మొత్తం ఎంత కోసింటావు?"

దస్తగిరి మనసులోనే లెక్క వేసుకున్నాడు. పెద్దలు ఆరుగురు, పిల్లలు ఆరుగురు. "ఇరవై నాలుగు గజాలు."

"పన్నెండుమందికీ సమంగా పంచు."

"తలా రెండు."

"రెండు గజాలు కొయ్యి."

దస్తగిరి కత్తెర తీసుకున్నాడు. ఈ ముక్క తనకేనేమో అనుకున్నాడు. అయినా గురువు మాట, కోశాడు.

"పుస్తకం తీసుకో. వరసగా పన్నెండు గోరీల కాడికీ పో. ఈ గుడ్డ ఎవురికి సరిపోతాదో వాళ్ళ మీద కప్పి రా."

ఎండ అప్పుడే ఎక్కుతోంది. మొదటి పేరు మస్తానమ్మ, డెబ్బై రెండేళ్ళు. నిలువెత్తు మనిషి. ఈ గుడ్డతో తల దగ్గర ముడి వేస్తే పాదాలు బయటికొస్తాయి. ఆ తరువాత డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి, అరవై ఐదేళ్ళ ఆయన. యాభై ఒక్కేళ్ళ చివరాయన దాకా ఆరుగురి దగ్గరా ఆగాడు. ఎవరికీ చాలలేదు. పుస్తకంలో ముప్ఫై ఒకటని ఏ పేరు పక్కనా లేదు. తన చేత్తో రాసి కూడా ఆ సంగతి చూసుకోలేదు.

ఇక పిల్లలు. వాళ్ళను గోడ మూలన పెడతారు. ఆరు మట్టిదిబ్బలు, ఒక్కొక్కటి చాటంత. ఒక్కరికే పేరుంది, ఏడాది దాటిన పిల్ల కాబట్టి. తక్కిన ఐదుగురికీ 'ఫలానావాళ్ళ బిడ్డ' అనే ఉంది. వయసు దగ్గర సున్న. ఏడాది నిండలేదు కదా అని ఆ సున్నలు పెట్టింది దస్తగిరే.

మొదటి దిబ్బ మీద గుడ్డ పరిచాడు. అది దిబ్బను కప్పేసి, పక్క దిబ్బ మీదికీ పాకింది.

ఈ దిబ్బ హుసేనప్ప బిడ్డది, ఇక్కడికి మోసుకొచ్చింది తనే. తొమ్మిది రోజుల బిడ్డ. చేతుల్లో బరువే తెలియలేదు. మొన్న కూడేటప్పుడూ తెలియలేదు, సున్నే కదా. భాగించేటప్పుడు మాత్రం ఆ బిడ్డ ఒక మనిషి. ఇలాంటి ఐదుగురు కలిసి పెద్దల వయసుల్ని ముప్ఫై ఒకటికి దించేశారు.

దస్తగిరి అక్కడే కూలబడిపోయాడు. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా వీళ్ళు గుర్తుకు రానందుకు సిగ్గేసింది.

తిరిగి వచ్చేసరికి గుడ్డ చేతిలోనే ఉంది.

"ఎవురికి సరిపోయింది?" అన్నాడు బుడన్ సాయెబు.

"ఎవురికీ సరిపోలేదు తాతా."

"నీకు సరిపోతాదేమో కప్పుకొని చూడు."

దస్తగిరికి నవ్వు రాబోయి ఆగిపోయింది. "ఏడాది నిండనోళ్ళు ఐదుగురు తాతా. ఒక్క ఏట్లో ఐదుగురు."

"ఎంతమందిలో?"

దస్తగిరి పుస్తకం తెరిచాడు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా పోయినవాళ్ళే. పోయినేడు పుట్టినవాళ్ళు ఎందరో ఎక్కడా లేదు. పదిమందిలో ఐదుగురా, వందలో ఐదుగురా?

"నాకు తెల్దు," అన్నాడు. "మంత్రసాని సుంకమ్మకు తెలిసింటాది. పోయి అడిగొస్తా. ఏ ఇంట్లో ఎప్పుడు పుట్టినారు, ఎన్ని దినాలు బతికినారు, అంతా రాసుకొస్తా." కొత్త పుస్తకంలో ఖాళీ పుట వెతికి వేలు పెట్టుకున్నాడు. కాలు నిలవకపోవడం మాత్రం తగ్గలేదు.

"శుక్రవారం ఆ పిల్ల వాళ్ళన్న వస్తాడు," అన్నాడు గురువు. "ఏం చెప్పమంటావు?"

"సరేనని చెప్పు తాతా."

బుడన్ సాయెబు రెండు గజాల గుడ్డను తీసుకుని సగానికి మడిచి, మడత మీద కత్తెర ఆనించాడు.

"పెద్దోళ్ళకు చాలదు. రెండు చేస్తే ఇద్దరు పిల్లోళ్ళకు పనికొస్తాది."

దస్తగిరి గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పదేళ్ళలో గురువు చెయ్యి అడ్డుకోవడం అదే మొదటిసారి.

"కొయ్యొద్దు తాతా. పిల్లోళ్ళకని ముందే కోసి పెట్టొద్దు."

బుడన్ సాయెబు కత్తెర కింద పెట్టాడు.