సుక్కి పెట్టే మూడో రాయి

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. ఊఁ కొట్టండి, లేకపోతే చెప్పను. అప్పట్లో ఒక కొండ కింద ఒక వాగు, వాగు పక్కన పాతిక గుడిసెల ఊరు. ఆ ఊళ్ళో ముత్తి అనే ఆమెకు సుక్కి అనే కూతురు పుట్టింది.

సుక్కి కళ్ళు కొంచెం ఏటవాలు. మెడ పొట్టి, మాట ముద్ద, నడక నిదానం. ఇవాళైతే డాక్టరు "డౌన్ సిండ్రోమ్, పుట్టుకతో వచ్చేది, ఎవరి తప్పూ కాదు" అంటాడు. అప్పుడు డాక్టరు లేడు, అనుమానమే ఉంది.

కొందరు "ఇది మన ఊరి మొహం కాదు, అడవిలో ఎవరో బిడ్డను మార్చేశారు" అన్నారు. కొందరు "ముత్తి ఏదో పాపం చేసింది" అన్నారు. ఇంకొందరు ఏమీ అనలేదు, తమ పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు. వాళ్ళే అందరికన్నా చెడ్డవాళ్ళని నా ఉద్దేశం.

ఒక ఏడు పంట ఎండిపోయింది. వాగు మాత్రం సన్నగా పారుతోంది. జనం కొండమీద చేదు దుంపలు తవ్వుకొచ్చారు. అవి విషం. ముక్కలు కోసి, బుట్టల్లో పెట్టి, పారే నీళ్ళలో మూడు రాత్రులు ఉంచితేనే తినడానికి పనికొస్తాయి. బరువులు మొయ్యలేదని సుక్కిని కాపలా పెట్టారు. తెల్లారగానే ఆమె గట్టున ఒక రాయి పెట్టేది. మూడు రాళ్ళయితే "అయ్యింది" అనేది. లేకపోతే "ఇంకా కాలే" అనేది.

ఆకలికి రెండు రాత్రులే మూడనిపించాయి. ఊరిపెద్ద పండన్న వచ్చాడు.

"బుట్టలు తియ్యండ్రా!"

"ఇంకా కాలే," అంది సుక్కి.

"మూడయ్యాయే! ఇదే ఒక రాయి తీసి పారేసింది. మనల్ని ఆపి, చాటుగా తానే మెక్కాలని!"

ముత్తి అతని కాళ్ళమీద పడింది. "అయ్యా, నా బిడ్డకు అబద్ధం చేతకాదయ్యా."

"ఇప్పుడే తేలుతుంది. ఇది తిన్నదంటే, దుంప బాగుందని తెలిసే మనల్ని ఆపినట్టు. దొంగయితే రేపు కొండ అవతలికి తరిమేస్తాం."

ఒక బుట్ట తీసి ఉడికించారు. మొదటి ముక్క పండన్న సుక్కి చేతిలో పెట్టాడు. సుక్కికి తిండంటే ప్రాణం. రెండు రోజులుగా కడుపులో ఏమీ లేదు. ముక్కను చూసింది. గట్టుమీది రెండు రాళ్ళను చూసింది. ముక్క కింద పెట్టేసింది.

"ఇంకా కాలే."

కుండ చుట్టూ మూగిన పిల్లలకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"అంతా నటన!" అంటూ పండన్న తనే ముక్క నోట్లో వేసుకున్నాడు. గొంతు భగ్గుమంది, నాలుక వాచింది, నేలమీద పడి పొర్లాడు. కుండ అక్కడికక్కడే బోర్లించారు. పిల్లలెవరూ ముట్టలేదు.

మర్నాడు పొద్దున సుక్కి ఇంకో రాయి పెట్టింది. "అయ్యింది," అంది. మాట పెగలని పండన్న మొదటి ఆకు ఆమె ముందు వేశాడు. అప్పటికీ కొందరు ఆమె గుటక వేసేదాకా ఆగారు. అనుమానం అంత తొందరగా చావదు మరి. ఆ తర్వాత అందరూ తిన్నారు. కొండ అవతలి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

సుక్కి ముసలిది కాలేదు. పుట్టుకతోనే గుండె బలహీనం. పోయిన రోజు ఊరంతా ఏడ్చింది. పండన్నను ఓదార్చడం ఎవరి తరమూ కాలేదు.

ఇప్పటికీ ఆ కొండ కింద అలాంటి బిడ్డ పుడితే బంతిలో మొదటి ఆకు ఆ బిడ్డదే. కడుపు కాలి ఎవరైనా బుట్టమీద చెయ్యి వేస్తే ముసలమ్మలు ఒకటే మాట అంటారు.

"ఆకలిని అడక్కు, సుక్కిని అడుగు."