యముణ్ణి పిలవాల్సి వచ్చిన రాజుగారు

మణిగిరిని ఏలే బసవభూపాలుడికి ఆటలంటే ప్రాణం. ఊళ్లోకి భాగవతుల మేళం వస్తే చాలు, కొలువు కూడా తొందరగా ముగించేసేవారు. అంతవరకూ బాగానే ఉంది. ఒకనాడు ఆయనకు తెర వెనక్కి వెళ్లాలని బుద్ధి పుట్టింది.

"ఆట మొదలవకముందే దోనప్పకు నా చేత్తో శాలువా కప్పుతాను" అన్నారు.

రాజుగారికి తోచాక ఆపేదెవరు? ఆయన వెనకాలే మంత్రి శేషాచలామాత్యులు, మంత్రిగారి వెనకాల తాంబూలం పెట్టె పట్టుకుని ముసలి దాసి నాంచారి నడిచారు.

మంత్రిగారి గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయనకంటే ముందు ఆయన తలపాగా వచ్చేది. పదహారు మూరల పట్టు, దాని మీద నెమలి ఈక. ఎవరైనా "అమాత్యవర్యా" అనకుండా ఉత్త "మంత్రిగారూ" అంటే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

మేళంలో పెద్ద వేషాలన్నీ కట్టే దోనప్ప అప్పటికే యముడి వేషం కట్టేశాడు. ఒంటికి నల్లరంగు, కోరమీసాలు, తలకు అట్ట కిరీటం, కాళ్లకు గజ్జెలు.

"దోనప్పా!" అని పిలిచారు రాజుగారు ఎంతో ప్రేమగా.

దోనప్ప కదల్లేదు.

"దోనప్పా, నేనయ్యా!"

ఊహూఁ. యముడు గద భుజాన వేసుకుని తెర వంకే చూస్తున్నాడు. నుదుటి మీద రంగు మాత్రం చెమటకు కారుతోంది.

శాలువా పట్టుకున్న రాజుగారి చేతులు అలాగే ఉండిపోయాయి. ఆయన మొహం చూసి నాంచారికి జాలేసింది.

మంత్రిగారికి మాత్రం పండగే. కిందటి ఆటలో హాస్యగాడు గుమ్మడికాయంత తలపాగా చుట్టుకుని వచ్చి జనాన్ని నవ్వించాడు. అప్పట్నుంచీ ఆయన ఈ మేళం మీద పళ్లు నూరుతున్నారు.

"చూశారా ప్రభూ! తమరు పిలిస్తేనే పలకనివాడు ఇంకెవరి మాట వింటాడు? గజ్జెలు విప్పించి మేళం మొత్తాన్ని పొలిమేర దాటించాలి!"

మేళం పెద్ద హనుమప్ప పరుగున వచ్చి కాళ్ల మీద పడ్డాడు.

"పొగరు కాదండి ప్రభూ! వేషం కట్టినవాడు సొంత పేరుకు పలికితే వేషం దిగిపోతుందని మా నమ్మకం. ఇక ఆ పూట ఆట రక్తికట్టదండి. మా తాతల నాటి నుంచీ ఇంతే. వేషం పేరు పెట్టి పిలవండి, తక్షణం పలుకుతాడు."

"అంటే ఏమని పిలవాలి?"

"యమధర్మరాజా, రండి అనాలండి."

రాజుగారు రెండడుగులు వెనక్కి వేశారు.

"నేనా? యముణ్ణా? నోరారా పిలిచి మరీ రప్పించుకోవాలా?"

"విన్నారా, ఎంత మాటన్నాడో!" మంత్రిగారు అందుకున్నారు. "వేషమంటే ఏముంది ప్రభూ? కాస్త మసి, కాస్త అట్ట. తలకేం తగిలించుకున్నా లోపల మనిషి ఆ మనిషే. పేరు పెట్టి పిలిస్తే పలకాల్సిందే!"

రాజుగారికి ఆ మాట నచ్చింది.

"దోనప్పా, ఆఖరిసారి అడుగుతున్నాను. పలుకుతావా, గజ్జెలు విప్పుతావా?"

దోనప్ప గద పక్కన పెట్టి, కింద కూర్చుని, కుడికాలి గజ్జెల ముడి వెతుక్కున్నాడు. ముప్పై ఏళ్లుగా కడుతున్న గజ్జెలవి. మద్దెలవాడు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

నాంచారి ముందుకొచ్చింది.

"ప్రభూ, అభయమిస్తే మంత్రిగారి మాట నిజమో కాదో ఇప్పుడే తేల్చేస్తాను."

"ఇచ్చాను. తేల్చు."

నాంచారిదీ మంత్రిగారు పుట్టిపెరిగిన వీధే. చిన్నప్పుడు ఆయన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. ఆవిడ పెట్టె కింద పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని, పందిరంతా వినపడేట్టు కేకేసింది.

"ఒరేయ్ బుడంకాయ్! ఇటు రారా!"

ఎవరూ పలకలేదు. మంత్రిగారు మాత్రం తలెత్తి పందిరి గుంజల్ని పరీక్షగా చూడసాగారు.

"ఒరేయ్ బుడంకాయ్! నిన్నేరా!"

మంత్రిగారు ఈసారి నేల చూపులు చూశారు. మొహం కందగడ్డ అయింది.

"ఎవరిని నాంచారీ, ఆ పిలుపు?" అన్నారు రాజుగారు అయోమయంగా.

"తమ మంత్రిగారినే ప్రభూ. వాళ్లమ్మగారు ఇప్పటికీ అన్నానికి అలాగే పిలుస్తారు. ఇంట్లో అయితే ఒక్క కేకకే పలుకుతారు. ఇక్కడే ఎందుకో వినపడ్డం లేదు. ఒరేయ్ బుడం..."

"నోర్ముయ్!" మంత్రిగారు ఎగిరిపడ్డారు. ఆ ఊపుకు తలపాగా ఎడమ చెవి మీదికి జారింది. "ఇల్లు వేరు, కొలువు వేరు! నా తల మీద ఈ తలపాగా ఉన్నంతసేపూ నేను అమాత్యుణ్ణి! ఆ పేరుకు చచ్చినా పలకను!"

నాంచారి వినయంగా చేతులు జోడించింది.

"పాపం, దోనప్ప చెప్పలేకపోతున్నదీ అదేనండి అమాత్యవర్యా!"

మొదట నవ్వింది మద్దెలవాడు. తర్వాత రాజుగారు. ఆపైన ఎవరు నవ్వారో ఎవరికీ తెలీదు, పందిరంతా నవ్వే.

"అమాత్యా, ముందు ఆ తలపాగా సర్దుకోండి!" అన్నారు రాజుగారు కడుపు పట్టుకుని.

తర్వాత కళ్లు తుడుచుకుని, దోనప్ప వైపు తిరిగి, గొంతు సవరించుకున్నారు.

"యమధర్మరాజా, దయచేయండి! ఆట వరకే సుమా!"

"వచ్చితిమి!" అంటూ పందిరి అదిరేట్టు గర్జించి లేచాడు యముడు. గర్జన గట్టిగానే ఉంది కానీ, బుగ్గల నల్లరంగు మీద రెండు తడి చారలు. రాజుగారు శాలువా కప్పారు. నాంచారికి వెండి తాంబూలం పెట్టె, దాంతోపాటు ప్రతి ఆటకూ తెర పక్కనే ఒక పీట దక్కాయి.

యముడు తెర దాటబోతుంటే హనుమప్ప నవ్వాపుకుంటూ అతని చెవిలో అన్నాడు.

"తలపాగా సర్దుకో!"

ఆ పూట ఆట మునుపెన్నడూ లేనంతగా రక్తికట్టింది. ఇక అప్పట్నుంచీ ఆ మేళంలో ఎవరు తెర దాటబోయినా అదే దీవెన. జడ వేసుకున్న రాణి వేషానికైనా సరే, "తలపాగా సర్దుకో" అనాల్సిందే. మంత్రిగారు ముందు వరసలో కూర్చున్న రోజు మాత్రం ఆ దీవెన ఆయనకూ వినపడేంత గట్టిగా ఇచ్చేవారు.