నమూనా బాతు

నూకరత్నానికి మూడేళ్లు. గూడు దిగినప్పుడల్లా గుడ్ల మీద తడి నాచు కప్పందే కదిలేది కాదు. మొగుడు అప్పన్న వచ్చి కూర్చునే ఆ కాస్త సేపటికి కూడా అంతే.

ఎవరీ నూకరత్నం అంటారా? చెబుతా వినండి. అనగనగా ఒక అడవి. ఆ అడవిని రెండు ముక్కలు చేస్తూ ఒక కాలువ. ఆ కాలువలో, తుంగ దుబ్బుల మధ్య కాపురముండే బుడబుంగ పిట్టే మన నూకరత్నం. బుడబుంగలు చెట్టెక్కి ఇల్లు కట్టుకోవు. నాచూ ఆకులూ పోగేసి, నీటి మీద తేలే గూడు అల్లి, నాలుగు తుంగ కాడలకు తగిలించుకుంటాయి. నీళ్లు నిలకడగా ఉన్నంతకాలం అంత హాయైన ఇల్లు ఇంకోటి ఉండదు.

పూర్వం ఆ కాలువలో గెడ వేసి నడిపే పడవలే ఉండేవి. రేవు దగ్గర ఒక బోర్డు. బోర్డు మీద రెండు వాక్యాలు. మొదటిది: "ఏ పడవా బాతు ఈదే వేగాన్ని మించరాదు." రెండోది: "ముందు ఈదుతున్న బాతును ఏ పడవా దాటిపోరాదు." గెడ వేసేవాళ్లకు ఆ బోర్డుతో పనే పడలేదు. బాతును దాటే ఓపిక వాళ్లకెక్కడిది?

తర్వాత నక్క సోమలింగం ఇంజను పడవ తెచ్చాడు. ఇవతలి ఒడ్డున కోతులు, అవతలి ఒడ్డున, దూరంగా వంతెన పక్కన మామిడి తోపు. బేరానికి లోటేముంది? పడవ బర్రుమని పోయేది. వెనక అల లేచేది. ఆ అల తుంగలోకి దూరి నూకరత్నం గూటిని ఒక పక్కకు వంచేసింది. ఐదు గుడ్లూ నీళ్లపాలయ్యాయి.

నూకరత్నం మళ్లీ గూడు కట్టింది. మళ్లీ నాలుగు గుడ్లు పెట్టింది. ఆ ఏటికి ఇంక అవే ఆఖరు. పొదగడానికి ఇరవై రోజులు కావాలి. ఇరవై రోజులు నీళ్లు కదలకుండా ఉంటే చాలు. అంతకన్నా ఆమె ఎవరినీ ఏమీ అడగదలచుకోలేదు.

అది అడగడానికే రేవులో ఉండే కాలువ పెద్ద దగ్గరికి వెళ్లింది. పెద్ద ఎవరంటే కొంగ ధర్మయ్య. ఒంటికాలి మీద నిలబడి, ఏదో గొప్పగా ఆలోచిస్తున్నట్టు కనపడటం ఆయన పని.

"ఏమ్మా, మీ ఆయన రాలేదా?" అన్నాడు ధర్మయ్య.

"గుడ్ల మీద కూర్చున్నాడండి."

రేవులో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. "పాపం అప్పన్న!" అన్నాడు ధర్మయ్య కళ్లు తుడుచుకుంటూ.

"మీరు నవ్వడం అయిపోతే చెబుతా" అంది నూకరత్నం. అయ్యేదాకా ఆగింది కూడా. "బోర్డు మీద మాట సోమలింగం పాటించట్లేదు. పాటించమనండి. అంతే నా అర్జీ."

"పాటించకపోవడం నాకేమన్నా సరదానా ధర్మయ్యగారూ?" అన్నాడు నక్క. "బాతు వేగం అని రాశారు. ఏ బాతు? ఏ పూట? తిన్నాకా, తినకముందా? మా తాతల నాటి బోర్డది. కాలం మారింది. సమీక్షించాలి."

సమీక్ష అన్న మాట వినగానే ధర్మయ్య రెండో కాలు కూడా కింద పెట్టాడు. వెంటనే కమిటీ వేశాడు. అధ్యక్షుడు ధర్మయ్యే. రెండో సభ్యుడు సోమలింగం, పడవల సంగతి తెలిసినవాడు కాబట్టి. మూడో సభ్యుడు దున్నపోతు పోలయ్య, అప్పటికే అక్కడ నీళ్లలో పడుకుని ఉన్నాడు కాబట్టి.

"ఆడవాళ్లు ఒక్కరూ లేరేంటండీ?" అంది నూకరత్నం.

"కాలువే ఆడది కదమ్మా! కాలువ తల్లి అంటాం. అంతకన్నా ఏం కావాలి?" అన్నాడు ధర్మయ్య.

"అవునవును" అన్నాడు పోలయ్య. అతనికి తెలిసిన మాట అదొక్కటే.

కమిటీ కూడేసరికి రెండు వారాలు గడిచాయి; అల లేచినప్పుడల్లా నూకరత్నం, అప్పన్న గూటిని చెరోపక్కా పట్టుకుని గుడ్లు కాపాడుకున్నారు. మొదటి రోజు కమిటీ బాతు మంగతాయారును పిలిచింది. ఆమె తన తొమ్మిది మంది పిల్లలతో వచ్చింది. రేవు నుంచి వంతెన దాకా ఈదమన్నారు. ఈదింది. మధ్యలో ఒకడు వెనకబడ్డాడు, వాడికోసం ఆగింది. ఇద్దరు కొట్టుకున్నారు, విడదీసింది. ఒకతి ఆకలన్నది, మునిగి ఏదో తెచ్చి నోట్లో పెట్టింది. వంతెన చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

"దీన్ని ఈత అనరండీ. దీన్ని సంసారం అంటారు. కొలతకు పనికిరాదు" అన్నాడు సోమలింగం.

"అవునవును."

రెండో రోజు పిల్లల్ని ఒడ్డున వదిలి ఒంటరిగా ఈదమన్నారు. మంగతాయారు నాలుగు బారలు ఈదేది, వెనక్కి తిరిగి పిల్లల్ని చూసుకునేది. మళ్లీ నాలుగు బారలు, మళ్లీ చూపు.

"ఏకాగ్రత లేదు. ఆడవాళ్లతో ఇదే చిక్కు" అని ధర్మయ్య నిట్టూర్చాడు.

"అవునవును."

మూడో రోజు సోమలింగం తనే ఒక మగబాతును వెంటబెట్టుకొచ్చాడు. పేరు చక్రపాణి. తనకెంతమంది పిల్లలో చక్రపాణికి తెలీదు. ఎవరైనా చెప్పినా గుర్తుండేది కాదు. రెక్కలు నున్నగా దువ్వుకుని నీళ్లలోకి దిగాడు. సోమలింగం సరిగ్గా అతని వెనకే ఒడ్డున నిలబడి, నోరంతా తెరిచి, పళ్లన్నీ కనపడేలా ఆవలించాడు.

చక్రపాణి వంతెన దాకా ఎలా వెళ్లాడో చూసినవాళ్లు లేరు. అంత వేగంగా వెళ్లాడు.

"ఇదీ బాతంటే!" అన్నాడు ధర్మయ్య. "పిల్లా లేదు, జెల్లా లేదు, పక్కచూపు లేదు. ఇదే నమూనా బాతు."

"ప్రాణభయంతో పారిపోయాడండీ అతను!" అని తుంగలోంచి నూకరత్నం అరిచింది.

"వేగం వేగమేనమ్మా. కారణాలు మేం కొలవం" అన్నాడు ధర్మయ్య.

బోర్డు మొదటి వాక్యం చెరిపేశారు. "ఏ పడవా నమూనా బాతు వేగాన్ని మించరాదు" అని కొత్తగా రాశారు. కింద ధర్మయ్య పేరు పెద్ద అక్షరాల్లో. ఇంతలో ఒక ఇబ్బంది బయటపడింది. చక్రపాణి ఈదిన వేగం సోమలింగం పాత ఇంజనుకు అందదు. "నిబంధనను గౌరవించాలి కదండీ" అని సోమలింగం ఇంకా పెద్ద ఇంజను తెప్పించాడు. ఆ సాయంత్రమే నడిపి చూశాడు. నాలుగు గుడ్లలో ఒకటి జారిపోయింది. అప్పన్న రెక్కలు చాచి మిగతా మూడింటినీ ఒడిసిపట్టాడు.

"పోదాం పద రత్నం. కొండ వెనక మడుగుందట" అన్నాడు అప్పన్న.

"గుడ్లు నెత్తిన పెట్టుకుని పోదామా? మూడు రోజుల్లో పొదగడం పూర్తవుతుంది. ఎక్కడికీ పోయేది లేదు."

ఆ కోపంతోనే బోర్డును తిట్టిపోద్దామని రేవుకు వెళ్లింది. తిట్టే ముందు ఒకసారి మొత్తం చదివింది. చదివి తిట్టడం మానేసి, తిన్నగా మంగతాయారు ఇంటికి ఈదింది.

"అక్కా, రేపు పొద్దున నీకేమైనా పనుందా?"

"తొమ్మిది మంది పిల్లల తల్లిని అడిగే మాటేనటే అది?"

"పిల్లల్ని తీసుకునే రా. బోర్డు మీద రెండో వాక్యం చెరపలేదు. వాళ్లకు అదొకటుందనే గుర్తులేదు. బాతు ముందు ఈదుతుంటే పడవ దాటకూడదు."

"వాడు ఆపకపోతే?"

"పిల్లలకీ పడవకీ మధ్య నేనుంటా."

"సరే, వస్తా" అంది మంగతాయారు.

తెల్లవారింది. కొత్త ఇంజను పడవకు మామిడాకులు కట్టారు. ధర్మయ్య పడవెక్కి ముందు నిలబడ్డాడు. చక్రపాణి మెడలో దండ వేసుకుని పక్కన కూర్చున్నాడు. ఒడ్డు నిండా కోతులు. పడవ రేవు వదిలిందో లేదో, కాలువ నడిమధ్యలోకి మంగతాయారు వచ్చింది. వెనక వరసగా తొమ్మిది మంది. అందరికన్నా వెనక, పడవ ముక్కుకు జానెడు దూరంలో, నూకరత్నం.

"ఏయ్ మంగతాయారూ, పక్కకు జరుగు!" అని సోమలింగం హారన్ కొట్టాడు.

"వెళ్తూనే ఉన్నాం కదండీ" అంది మంగతాయారు. ఒకడు వెనకబడ్డాడు. ఆగింది.

"బోర్డు చదువుకోండి" అంది నూకరత్నం.

చక్రపాణి లేచి నిలబడ్డాడు. "నమూనా బాతును నేను! నేను అనుమతిస్తున్నాను. దాటండి!"

"మీరు పడవలో ఉన్నారు బాబూ. బోర్డు మీద ఈదుతున్న బాతు అని ఉంది. దిగి ముందు ఈదండి, సోమలింగంగారు వెనకే ఉంటారు" అంది నూకరత్నం.

చక్రపాణి సోమలింగం పళ్లు చూసి కూర్చుండిపోయాడు.

"తొక్కించేయనా?" అని నక్క మెల్లగా అడిగాడు. నూకరత్నానికి వినపడింది. అయినా పక్కకు తప్పుకోలేదు.

ధర్మయ్య ఒడ్డు మీద కోతుల్ని చూశాడు. బోర్డు వంక చూశాడు. "వద్దు. కింద నా పేరుంది" అన్నాడు.

పడవ వంతెన చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. రెండో రోజు ఇంకో ముగ్గురు తల్లులు పిల్లలతో వచ్చారు. పడవ చేరేసరికి పొద్దు వాలింది. మూడో రోజు కోతులు పడవెక్కలేదు. నడిచి వంతెన దాటి వెళ్లి, మామిడిపళ్లు తిని, తిరిగి కూడా వచ్చేశాయి.

సోమలింగం ధర్మయ్య కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "పిల్లల తల్లి వేగమే ఖాయం చేయండి మహాప్రభో! నెమ్మదైనా సరే. పెద్ద ఇంజను తీసేస్తా. వీళ్లు దారి వదిలితే చాలు!"

కమిటీ కూర్చుంది. మంగతాయారు మొదటి రోజు ఈతనే కొలతగా తీసుకుంది. "తల్లుల మేలు కోరి ఇది నేనే ప్రతిపాదించాను" అన్నాడు ధర్మయ్య.

"అవునవును" అన్నాడు పోలయ్య.

ఆ సాయంత్రం పడవ వెళ్లింది. తుంగ కాడ ఒక్కటీ ఊగలేదు. గూట్లో మూడు గుడ్లూ పగిలాయి, లోపలి నుంచి.

మరుసటి ఏడు తల్లులంతా కలిసి నిలబెడితే నూకరత్నం కమిటీకి అధ్యక్షురాలైంది. దొంగచాటుగా మళ్లీ పెద్ద ఇంజను బిగించిన సోమలింగం పడవ అనుమతి రద్దు చేసింది.

నీతి: అందరికీ ఒకటే కొలత అని ఎవరైనా అంటే, ఎవరిని నిలబెట్టి ఆ కొలత తీశారో ముందు అడగాలి.