నీళ్ళు లేని రేవు

కళ్ళు తెరవకముందే తెలిసిపోయింది అబ్బులుకి. ఎడమ కంటికి మళ్ళీ వచ్చింది.

రెప్ప వెనకాల ఎవరో నిప్పురవ్వ దాచినట్టుంది. పాక సందుల్లోంచి పడే పొద్దుటి వెలుతురంటే వాడికి ప్రాణం. గోదారి మీద పసుపునీళ్ళు చల్లినట్టుండే ఆ వెలుతురే ఇవాళ సూదై గుచ్చుతోంది. తువ్వాలు తడిపి కంటికి అదుముకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

అది గోదారి పాయల మధ్య ఓ లంక. అక్కడ రెండు తాటాకు పాకలే నాగలింగదాసుగారి ఆశ్రమం. ఆయన తత్వాలు పాడతారు. ఓ సాయంత్రం అవతలి ఒడ్డున ఆ గొంతు విని, పాట వెంటే రేవు దాటి వచ్చేసి, ఇక్కడే శిష్యుడుగా ఉండిపోయిన కుర్రాడు అబ్బులు. పాటలో అర్థం వాడికి సగమే తెలిసేది. మిగతా సగం నీళ్ళూ ఆకాశమూ చెప్పేవి.

ఆ నీళ్ళూ ఆకాశమూ కనిపించకుండా పోతాయేమోనన్నదే ఇప్పుడు వాడి దిగులు. ఎరుపు వచ్చిపోయిన ప్రతిసారీ ఎడమ కంట్లో సన్నటి మంచు మిగులుతోంది. కుడికన్ను మూసి చూస్తే అవతలి గట్టు మీది తాడిచెట్లు ఒకదాన్నొకటి కావలించుకున్నట్టు కనిపిస్తున్నాయి.

చెయ్యని వైద్యం లేదు. నందివర్ధనం పూలు కంటిమీద పెట్టుకుని పడుకున్నాడు. పసిబిడ్డ తల్లిని బతిమాలి చనుబాలు పిండించుకున్నాడు. దిష్టి తీయించుకున్నాడు, తాయెత్తు కట్టించుకున్నాడు. భజనకొచ్చే ఆడవాళ్ళు కండ్లకలక అనుకుని పిల్లల మొహాలు పక్కకి తిప్పేవాళ్ళు. అది చూడలేక నల్లద్దాలు కొనుక్కున్నాడు. ఆశ్రమంలో వండిపెట్టే అప్పాయమ్మ ఊరుకుంటుందా? ఈ జోడు పెట్టుకుని తత్వాలు పాడితే వైరాగ్యం ఎవరికొస్తుందిరా, ఆడపిల్లలు దండలు పట్టుకొస్తారు గానీ అంది.

అలా అన్నా, ఆ పొద్దున వాణ్ణి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది ఆవిడే. వాడు ఇదివరకు ఓసారి వెళ్ళొచ్చిన ఆసుపత్రే అది. డాక్టరమ్మ యంత్రంలోంచి కంట్లోకి చాలాసేపు చూసింది. అప్పుడు చెప్పిందే మళ్ళీ చెప్పింది. ఇది కండ్లకలక కాదు, ఎవరికీ అంటుకోదు, వాపు కంటి లోపల ఉంది అంది. వచ్చిన ప్రతిసారీ చూపుని కొంచెం కొరుక్కుపోతుందంది. చుక్కలు ఒక్కసారిగా మానకూడదనీ, తను చెప్పినట్టే మెల్లిగా తగ్గించాలనీ, ఎరుపు పోయాక కూడా వచ్చి చూపించుకోవాలనీ, మాత్రలు చాన్నాళ్ళు మింగాల్సి రావచ్చనీ చెప్పింది.

అబ్బులు చెవిలో 'కొరుక్కుపోతుంది' అన్నమాట ఒక్కటే మిగిలింది. తిరిగొస్తూ రేవులో పడవెక్కినా అదే వినిపిస్తోంది. మిగతావి గోదాట్లో కలిసిపోయాయి.

చుక్కలు బాగానే వేసుకున్నాడు. ఎరుపు గులాబీ రంగయింది, గులాబీ తెలుపయింది. ఓ పొద్దున అద్దంలో చూసుకుని పరుగెత్తుకెళ్ళి, తగ్గిందండి గురువుగారూ అన్నాడు.

మనవైపు మాట అదీ. రోగం పూర్తిగా పోయినా తగ్గిందనే అంటాం, సగం పోయినా తగ్గిందనే అంటాం. అబ్బులు మాత్రం ఆ మాట అన్న రోజునే చుక్కల సీసా చూరులో దోపేసేవాడు, ఎప్పుడూనూ. ఈసారీ అంతే. డాక్టరమ్మ రమ్మన్న రోజు వచ్చింది, పోయింది. బాగున్న కంటికి మందేమిటి?

సీసా దోపేశాడు గానీ భయాన్ని ఎక్కడా దోపలేకపోయాడు. పొద్దున లేస్తే అద్దం. అన్నం ముందు అద్దం. అద్దాన్ని నమ్మలేక అప్పాయమ్మ దగ్గరికి వెళ్ళి, ఎర్రగా ఉందా పిన్నీ అని రెప్ప లాగి చూపించేవాడు. నీ కన్ను చూసీచూసీ నా కన్ను ఎర్రబడిందిరా, పోయి నీళ్ళు తోడు అనేది ఆవిడ. పాడుతూ పాడుతూ మధ్యలో ఆగిపోయేవాడు, కంటి లోపల ఏదో చిటుక్కుమన్నట్టుండి. గాలికి ఇసక లేచినా తువ్వాలు కంటికి అడ్డం పెట్టుకునేవాడు.

అలాంటప్పుడు సంతలో ఎవరో చెప్పారు. మన్యంలో ఓ పసరు వైద్యుడున్నాడట. కంట్లో ఒకే ఒక్క చుక్క పోస్తాడట, మూడు జాములు మంట, ఆపైన ఈ జన్మలో రాదట.

ఈ జన్మలో రాదు! ఎంత చల్లటి మాట! ఆ రాత్రి దాన్నే పాటలా లోపల పాడుకుంటూ పడుకున్నాడు. తెల్లారి దాసుగారి ముందు కూర్చుని ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పి, సెలవిప్పించండి, దీనికి శాశ్వతంగా మందు వేయించుకొస్తాను, రోజూ భయపడలేక చస్తున్నాను అన్నాడు.

ఆయన వాడి మొహంలోకి చూశారు.

"రేపెళ్దువుగాని. ఇవాళ పడవ పనుంది, రా" అన్నారు.

నడివేసవి. పాయ ఎండిపోయి, ఎక్కడో దూరాన వెండిగొలుసులా సన్నగా పారుతోంది. రేవులో ఇసక తప్ప ఏమీ లేదు. ఆ ఇసకలో ఆశ్రమం పడవ బోర్లా పడుకుని ఉంది, అలసిపోయిన గేదెలాగ. మూడు రాళ్ళ మీద తారుడబ్బా కాగుతోంది. పొగ తగలని వైపు కూర్చోమని వాడికి చోటు చూపించి, దాసుగారు పాత తారు గీకడం మొదలుపెట్టారు.

గీకుతూ గీకుతూ అబ్బులు, ఈ పడవ ఎప్పటిదండి అని అడిగాడు. మా గురువుగారు చేయించిందిరా, నేను నీ అంత ఉన్నప్పుడే పాతది అన్నారాయన. వరదల్లో లంకజనాన్ని ఎన్నిసార్లు గట్టు చేర్చిందో చెప్పుకొచ్చారు.

అబ్బులు ముచ్చటపడి చెక్క మీద చెయ్యివేశాడు. "ఇన్నేళ్ళు నిలిచిందంటే ఆయన ఎంత దట్టంగా పూశారోనండి."

"పల్చగానే. ఏటేటా."

సందుల్లో గోనెపీచు కూరారు. తారు పూశారు. ఎండ నడినెత్తికొచ్చింది. అబ్బులుకి చెమట కంట్లోకి దిగితే ఉలిక్కిపడి తువ్వాలుతో అద్దుకున్నాడు. మనసంతా రేపటి ప్రయాణం మీదే ఉంది, చేతిలో కుంచె సాగడం లేదు. చివరికి విసుగొచ్చేసింది.

"మోకాలిలోతు నీళ్ళయినా లేవు గదండి. పడవ ఎవరిక్కావాలి ఇప్పుడు? గోదారి వచ్చాక పూసుకోవచ్చు."

దాసుగారు తలెత్తలేదు. ఓ సన్నటి పగులు మీద, కంటికి కాటుక దిద్దినంత నెమ్మదిగా కుంచె లాగారు.

"తడిచెక్కకి తారు పట్టదురా" అన్నారు.

తారుడబ్బా కింద పుల్ల ఒకటి చిటపటలాడింది. అబ్బులు ఎండిన రేవు వైపు చూశాడు, పడవ వైపు చూశాడు. తరవాత వంగి, తను గబగబా పూసుకుంటూ వదిలేసిన పగుళ్ళు వెతుక్కుంటూ మొదటికి వచ్చాడు.

పొద్దు వాలాక ఇసకతో చేతులు తోముకుంటూ దాసుగారు అడిగారు.

"కన్నెలా ఉందిరా?"

తగ్గిందండి అనబోయాడు అబ్బులు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"బాగుందండి" అన్నాడు. చేతులు తుడుచుకుంటూ, "రేపు పెద్దాసుపత్రికి వెళ్ళొస్తాను గురువుగారూ" అన్నాడు.